అటక మీది పాత సామాను: గుర్తించిన తరువాతనే వాడండి

పెంకుటిల్లు తీసివేసి డాబా కట్టుకొనునపుడో, పెద్దలు గతించిన తరువాత ఉమ్మడి సామాను పంచుకొనునపుడో, అటక మీది నుండి ఎన్నో వస్తువులు క్రిందికి దిగుతాయి. బిందెలు, గంగాళాలు, గుండిగలు అందరికీ తెలిసినవే. వాటి నడుమ పేరు తెలియనివి నాలుగైదు తప్పక ఉంటాయి. ముక్కు ఉన్న చిన్న గిన్నె, పడవ వంటి నల్లరాతి తొట్టి, కొనకు రంధ్రమున్న పొట్టి కొమ్ము, అడుగున చిల్లులున్న కుండ మొదలైనవి ఇట్టివే. వీటిని గూర్చి చెప్పగల అవ్వలు, తాతలు నేడు అనేక గృహాలలో లేరు. కొందరు వాటిని పాత ఇనుప సామాను కొనువానికి తూకానికి వేస్తారు. మరికొందరు చింతపండుతో తోమి వంటింటి వాడుకకు తెస్తారు. మొదటి దాని వలన పూర్వుల జ్ఞాపకమొకటి పోతుంది. రెండవ దాని వలన ఒక్కొక్కప్పుడు ఆరోగ్యానికే ముప్పు వస్తుంది.

వైద్యవృత్తిలో ఉన్నందున ఇటువంటి వస్తువులను నా వద్దకు తెచ్చి చూపించువారు చాలమంది కలరు. అనేక సంవత్సరాలుగా చూచుట వలన నాకొక పరీక్షాపద్ధతి ఏర్పడినది. దానిని పాఠకుల ఉపయోగార్థం ఇక్కడ వివరిస్తున్నాను.

మూడు పరీక్షలు

రోగిని తెలిసికొనుటకు మన శాస్త్రం దర్శనం, స్పర్శనం, ప్రశ్న అను మూడు మార్గాలను చెప్పినది. పాత వస్తువును తెలిసికొనుటకు కూడ ఈ మూడే ఆధారాలు.

దర్శనం: మొదట అరుగుదలను చూడవలెను. దంచుటకు వాడిన రోలులో అడుగున గుంటలు గుంటలుగా దెబ్బలు కనబడతాయి. నూరుటకు వాడిన దానిలో బండ తిరిగిన దారి అంతా నునుపుదేరి ఉంటుంది. చందనం, కరక్కాయ వంటివి అరగదీసిన సానరాయికి నడుమ పల్లం ఏర్పడుతుంది. తరువాత మసి ఎక్కడున్నదో చూడవలెను. పాత్ర వెలుపల అడుగున మసి ఉన్నచో దానిని పొయ్యి మీద పెట్టినారని తెలియవలెను. లోపల మసి ఉన్నచో నిప్పులు దానిలోనే వేసినారు. అది ధూపపాత్ర కావచ్చును.

స్పర్శనం: చేతితో ఎత్తి బరువు చూడండి. అయస్కాంతం అంటుకొన్నచో ఇనుము. రాగి, ఇత్తడి, కంచు అంటుకొనవు. రాగికి తగరం కలిపినది కంచు, యశదం కలిపినది ఇత్తడి. వ్రేలితో మీటినపుడు కంచు చాలసేపు మ్రోగుతుంది.

ప్రశ్న: ఆ వస్తువు ఏ పెట్టెలో, దేని ప్రక్కన దొరికినదో అడుగవలెను. ఒంటరి వస్తువు చెప్పని సంగతిని దాని తోడు వస్తువు చెప్పుతుంది. ఆ ఇంటిలో పూర్వం వైద్యులుండిరా, కంసాలి పని ఉండెనా, సుగంధద్రవ్యాల అంగడి ఉండెనా అని కూడ విచారించవలెను.

ఈ మూడూ ముగియువరకు దేనినీ తోమరాదు. లోపలి మడ్డి, అంచు మీద చెక్కిన పేరు, కొలత గీతలు, ఇవన్నీ ఆనవాళ్ళే.

కల్వములు రెండు రకములు

ఇండ్లలో మందు నూరు కల్వము సామాన్యంగా గుండ్రంగా, చేతిలో ఇమిడేటంత ఉంటుంది. మిరియాలు, శొంఠి, తులసి రసం, తేనె వంటివి అందులో నూరేవారు. హైదరాబాదు ప్రాంతంలో హమామ్‌దస్తా అని పిలుచు లోహపు రోలు, రోకలి దంచుటకు ఉద్దేశించినవి. ఇవి కాక పడవ ఆకారంలో, మిక్కిలి నునుపైన నల్లరాతితో చేసిన పెద్ద కల్వము ఒకటి కలదు. రసౌషధాలు తయారుచేయు వైద్యులు దీనిని వాడేవారు. పాదరసం, గంధకం కలిపి కాటుకవలె నల్లబడువరకు నూరితే వచ్చునది కజ్జలి. దీనిని గంటల తరబడి, ఒక్కొక్కప్పుడు రోజుల తరబడి నూరుతారు. అందుకే బండ ముందుకు, వెనుకకు సాగుటకు వీలుగా ఆ పడవ ఆకారం.

కొంతకాలం క్రిందట ఒక గృహిణి ఇటువంటి కల్వమునే సంచిలో పెట్టుకొని వచ్చినారు. మనుమడికి అయిదవ నెల. వస, కరక్కాయ ఇందులో నూరి ఉగ్గులో కలిపి పెట్టవలెనని ఆమె కోరిక. తడిగుడ్డతో తుడువగా గుడ్డ నల్లనైనది. మూడుమార్లు కడిగి తుడిచినను అదే నలుపు. అయితే నల్లని మరక ఒక్కటే రుజువు కాదు. నూనె జిడ్డు, మసి కూడ నల్లగానే ఉంటాయి. అందుచేత "అమ్మా, దీనితోబాటు పెట్టెలో ఇంకేమి దొరికినవి?" అని అడిగినాను.

"మట్టిగుడ్డ చుట్టిన సీసాలు రెండున్నాయండి డాక్టరుగారూ. పసుపుపచ్చని గడ్డలు కొన్ని. మా మామగారి తాతగారు వైద్యం చేసేవారట" అన్నారామె.

పసుపుపచ్చని గడ్డలు గంధకం. గాజుకుప్పెకు మట్టి పూసిన గుడ్డను ఏడు పొరలు చుట్టి, కజ్జలిని అందులో పోసి, ఇసుక నింపిన వాలుకాయంత్రంలో పెట్టి కాల్చితే రససిందూరం తయారవుతుంది. ఆకారం, మెరుపు, తోడు సామాను మూడూ ఒకే సంగతి చెప్పినవి. ఇక సందేహానికి చోటు లేదు.

"బాగా తోమితే పోదా అండీ?" అన్నారు.

"రాతి సూక్ష్మరంధ్రాలలో చేరినది తోమితే పోదమ్మా" అన్నాను.

"పోనీ, నిప్పుల మీద కాల్చితే?"

"అది మరింత ప్రమాదం. పాదరసం ఆవిరై మనం పీల్చుగాలిలో కలుస్తుంది. పసిపిల్లల మెదడుకు, మూత్రపిండాలకు దాని వలన కలుగు హాని పెద్దలకంటె ఎక్కువ."

ఆమె కొంతసేపు మౌనంగా ఉండి, "పెద్దల వస్తువు కదా, శుభమని అనుకొన్నానండి" అన్నారు. పెద్దల వస్తువే. అయితే అది ఔషధశాలది, వంటింటిది కాదు. ఆరు నెలలు నిండువరకు బిడ్డకు తల్లిపాలు తప్ప ఉగ్గుగాని, నీరుగాని అవసరం లేదని కూడ ఆమెకు చెప్పినాను. కల్వమును గుడ్డలో చుట్టి, మీద చీటీ కట్టి, పిల్లలకందని చోట ఉంచినారు.

ముక్కు గిన్నె

ఒక ప్రక్క సన్నని ముక్కు సాగిన వెండి, కంచు లేదా ఇత్తడి చిన్న గిన్నెను చాలమంది దీపపు ప్రమిద అనుకొంటారు. ప్రమిద ముక్కు వత్తి ఆనుటకు ఉద్దేశించినది కనుక అక్కడ మసి ఉంటుంది. ఉగ్గుగిన్నె ముక్కు మసి లేక, పసివాని పెదవికి గుచ్చుకొనకుండ అంచు గుండ్రంగా తీర్చి ఉంటుంది. నెల తక్కువగా పుట్టి రొమ్ము పట్టలేని శిశువులకు పిండిన తల్లిపాలు పట్టుటకు ఇటువంటి గిన్నెను నేటికీ మన దేశంలోని ఆసుపత్రులలో వాడుతున్నారు. సీసా, రబ్బరు పీకలకంటె దీనిని శుభ్రపరచుట సులభం. అయితే పాత గిన్నెకు అతుకులున్నచో, అది ఏ లోహమో తెలియనిచో, బిడ్డకు వాడరాదు. పాత అతుకులలో సీసం ఉండవచ్చును. కళాయి పోయిన రాగి, ఇత్తడి పాత్రలలో పులుపు, మజ్జిగ వంటివి ఉంచరాదని వేరుగా చెప్పనక్కరలేదు.

తూనికరాళ్ళు, గురిగింజలు

చిన్న కొయ్యపెట్టెలో త్రాసు, ఇత్తడి బిళ్ళలు, ఎర్రని గురిగింజలు దొరికినచో అది కంసాలిదిగాని, వైద్యునిదిగాని అయి ఉంటుంది. గురిగింజ ఎత్తు సుమారు 0.12 గ్రాములు. 96 గురిగింజలు ఒక తులము, అనగా 11.66 గ్రాములు. బ్రిటిషువారి కాలపు వెండి రూపాయి బరువు సరిగ్గా ఒక తులము. అందుచేత అమ్మమ్మల వ్రాతపుస్తకాలలో "రూపాయి ఎత్తు" అని ఉన్నచో ఆ వెండి రూపాయి అని గ్రహించవలెను. నేటి స్టీలు రూపాయి బిళ్ళ అందులో సగమైనను తూగదు.

పలము విషయంలో మరింత జాగ్రత్త అవసరం. పూర్వం బజారులో మూడు తులాలు ఒక పలము. అయిదు పలాలు ఏబలము, పది పలాలు పదలము, నలుబది పలాలు వీశె. ఈ లెక్కన పలము సుమారు 35 గ్రాములు. శాస్త్రగ్రంథాలలోని పలము నాలుగు కర్షలు. నేటి ప్రభుత్వ ఆయుర్వేద యోగసంగ్రహం దానిని 48 గ్రాములుగా నిర్ణయించినది. రెంటికీ తేడా మూడవ వంతుకు పైగా ఉన్నది. 1958లో మెట్రిక్ తూనికలు ప్రవేశించిన తరువాత ఈ భేదం మరుగునపడినది. శొంఠి, ధనియాల వంటి వాటిలో ఈ తేడా వలన పెద్ద నష్టం లేదు. నేపాళం, విషముష్టి వంటి ఉగ్రద్రవ్యాలు చేరిన యోగాలలో ఇది ప్రాణాల మీదికి తెస్తుంది. అట్టి వాటిని పాత పుస్తకం చూచి ఇంటిలో చేయనే రాదు.

గురిగింజలు కూడ విషమే. పై తొక్క గట్టిది కనుక మ్రింగిన గింజ ఒక్కొక్కప్పుడు హాని చేయకనే వెలికి పోవచ్చును. నమలినను, పగులగొట్టి తిన్నను అపాయకరం. అందము చూచి పిల్లల ఆటకు ఇయ్యకండి. పొరపాటున తిన్నచో ఇంటివైద్యంతో కాలం గడపక వెంటనే ఆసుపత్రికి తీసికొని పోవలెను.

కొమ్ము, గొట్టము, గుబిలిపుల్ల

సుశ్రుతుడు 101 యంత్రాలను ఆరు తరగతులుగా విభజించినాడు. స్వస్తికయంత్రాలు 24, సందంశాలు 2, తాళయంత్రాలు 2, నాడీయంత్రాలు 20, శలాకలు 28, ఉపయంత్రాలు 25. శస్త్రాలు వేరుగా 20. వీటన్నిటిలో చేయియే ప్రధానమైనదని కూడ ఆయన చెప్పినాడు. ఈ తరగతులు తెలిసినచో ఇంటిలోని చిన్న వస్తువుల వంశం తెలుస్తుంది. ఒకే కడియానికి వ్రేలాడు గుబిలిపుల్ల, పంటిపుల్ల, ముల్లు తీయు చిన్న పట్టకారు ఉన్నవనుకొనండి. మొదటి రెండు శలాకల జాతి, మూడవది సందంశం.

ఊదుటకు వాడు కొమ్ము పొడుగ్గా ఉండి, నోటి దగ్గర నునుపుదేరి ఉంటుంది. జానెడు పొడవైన కొమ్ముకు వెడల్పు అంచు సమంగా తీర్చి, కొనకు సన్నని రంధ్రం ఉన్నచో అది చెడురక్తం పీల్చుటకు వాడిన శృంగం కావచ్చును. ఆవు తోకవలె ఒక వైపు లావుగా, రెండవ వైపు సన్నగా ఉన్న లోహపు గొట్టానికి, లావు వైపున రెండు వలయాలున్నచో అది వస్తినేత్రం. ఆ వలయాల నడుమ తిత్తిని దారంతో కట్టేవారు. దీనిని నూనె పోయు గరాటుగా భావించి వంటింటిలో పెట్టుకొన్నవారిని నేనెరుగుదును. శరీరంలో ప్రవేశపెట్టు ఇట్టి సాధనాలను నేడు తిరిగి ఏ చికిత్సకును వాడరాదు.

చిల్లుల కుండ, సుర్మా బుడ్డి

మూతి క్రింద ఎదురెదురుగా రెండు రంధ్రాలున్న కుండ డోలాయంత్రం కావచ్చును. ఆ రంధ్రాలలో కర్ర దూర్చి, మందుమూటను ద్రవంలో వ్రేలాడదీసి ఉడికించేవారు. అడుగున చిల్లులుండి, లోపల తారు వంటి మడ్డి అంటియున్నచో అది పాతాళయంత్రం కావచ్చును. క్రింద గోతిలో మరొక పాత్ర ఉంచి, పై కుండకు చుట్టూ పిడకల నిప్పు పెట్టి గింజల నుండి తైలం దింపేవారు. నల్లజీడి తైలం ఈ విధంగానే తీయుదురు. అది సోకినచో చర్మం బొబ్బలెక్కుతుంది. అట్టి మడ్డిని ఉత్త చేతులతో గోకకండి.

సన్నని కడ్డీ బిగించిన మూతతో ఉన్న లోహపు బుడ్డి సుర్మాదాని. అందులో మిగిలిన నల్లనిపొడి తళతళలాడినచో అది సీసపు ఖనిజం కావచ్చును. ఎంత పాతదైనను, ఎంత ప్రియమైనవారిదైనను, పిల్లల కన్నులకు పెట్టరాదు.

గృహిణులు గుర్తుంచుకొనవలసినవి

1. తెలియని పొడిని, మడ్డిని రుచి చూడరాదు. ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూడరాదు. ముట్టిన తరువాత చేతులు సబ్బుతో కడుగుకొనవలెను.

2. పెట్టెలో పాదరసపు బొట్లు కనబడినచో చీపురుతో ఊడ్వరాదు, వేడి చేయరాదు. కిటికీలు తెరచి, పిల్లలను దూరంగా ఉంచి, గట్టి కాగితంతో బొట్లను ఒక చోటికి చేర్చి, మూత బిగుతైన సీసాలో బంధించవలెను.

3. వైద్యుల ఇండ్ల నుండి వచ్చిన కల్వములు, కుండలు, గరిటెలు చూచుటకే గాని వంటకు కాదు.

4. ఇంటిలో మందు నూరుకొనుటకు కొత్త కల్వము, కొత్త సానరాయి కొనుట మేలు. వాటి ఖర్చు స్వల్పం.

5. వస్తువు ఎవరిది, ఏ ఊరి నుండి వచ్చినది, దేనికి వాడినారు అను మూడు మాటలు చీటీ మీద వ్రాసి దానికి కట్టండి. ఈ సంగతులు తెలిసిన పెద్దవారు ఇంటిలో ఉన్నచో ఈ వారమే అడిగి వ్రాసికొనండి.

అరుదైన వస్తువులు, తాళపత్రాలు ఉన్నవారు హైదరాబాదులోని జాతీయ భారతీయ వైద్య వారసత్వ సంస్థవారిని సంప్రదించవచ్చును. 1956లో ఉస్మానియా వైద్యకళాశాలలో వైద్యచరిత్ర విభాగంగా ఆరంభమైన ఈ సంస్థలో వైద్యచరిత్రకు సంబంధించిన ప్రదర్శనశాల కలదు. పాత సామానువానికి తూకానికి వేసిన వస్తువు తిరిగి రాదు. అందుచేత అమ్మివేయుటకు ముందు ఒకమారు తెలిసినవారికి చూపించండి.