మోకీలు మార్పిడి: ఇంటివారికి తెలియవలసిన సంగతులు

తొడ ఎముక, కాలి ఎముక కలిసే చోట వాటి కొసలను కప్పి ఉంచే నున్నని మృదులాస్థి అరిగిపోయి ఎముకకు ఎముక ఒరుసుకుంటున్నప్పుడు, అరిగిన పైపొరను చెక్కివేసి, లోహపు తొడుగులను అమర్చి, వాటి నడుమ పాలీఎథిలిన్ అనే గట్టి ప్లాస్టిక్ పలకను ఉంచే శస్త్రచికిత్సే మోకీలు మార్పిడి. జాతీయ ఔషధ ధరల నియంత్రణ సంస్థ 2017 ఆగస్టులో ఈ కృత్రిమ కీళ్ళకు గరిష్ఠ ధరలు నిర్ణయించడంతో వాటి ఖరీదు గణనీయంగా తగ్గింది. కాని రోగిని ఇంట్లో చూసుకోవలసిన వారికి ఏం చేయాలో, ఏం చేయకూడదో ముందుగా కూర్చోబెట్టి చెప్పడం మాత్రం నేటికీ చాలాచోట్ల డిశ్చార్జి రోజున హడావిడిగా ముగిసే తంతుగానే మిగిలింది.

ఈ లోపం ఆపరేషన్ థియేటర్ బయటే మొదలవుతుంది. శస్త్రచికిత్సకు పట్టేది ఒకటి రెండు గంటలే అయినా, మత్తు ఇవ్వడానికీ, ఆ తరువాత రోగిని పరిశీలనలో ఉంచడానికీ పట్టే సమయం కలిపితే మూడు నాలుగు గంటలు కావచ్చునని ముందే చెబితే, బయట ఎదురుచూసే వారికి అనవసరపు భయం ఉండదు.

ఇంటికి వచ్చాక ప్రేమే కొన్నిసార్లు కీడు చేస్తుంది. నొప్పికి ఉపశమనమని మోకాలి కింద దిండు పెడితే, వంగిన స్థితిలోనే కండరాలు, కీలు చుట్టూ ఉన్న కణజాలం బిగుసుకుపోయి కాలు పూర్తిగా చాపలేని పరిస్థితి రావచ్చు. చుట్టిన తువ్వాలును మడమ కింద ఉంచి మోకాలిని తిన్నగా సాగనివ్వడమే మేలు. పప్పు తింటే చీము పడుతుందన్న నమ్మకంతో రోగిని చారన్నంతో సరిపెట్టడం మరింత విచారకరం, ఎందుకంటే గాయం మానడానికీ, కండ బలపడడానికీ కావలసిన మాంసకృత్తులు ఆ పప్పులోనూ, గుడ్డు, పెరుగు, చేపలలోనూ ఉన్నాయి. చీముకు కారణం సూక్ష్మజీవులే తప్ప పప్పు కాదు, మధుమేహం అదుపులో లేకపోతే ఆ ముప్పు పెరుగుతుంది. పాపం నొప్పిగా ఉందని నడవనివ్వకపోవడమూ పొరపాటే: చాలామందిని అదే రోజునో మరునాడో వాకర్ పట్టించి నిలబెడతారు. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు, దిగేటప్పుడు ఆపరేషన్ అయిన కాలు ముందు వేయించాలి.

వాపు, వెచ్చదనం, కోత పక్కన తిమ్మిరి కొన్ని వారాలు, ఒక్కొక్కప్పుడు నెలలు ఉండడం మామూలే కనుక వాటికి కంగారుపడనక్కరలేదు. పిక్కలో కొత్తగా నొప్పీ వాపూ వస్తే సిరలో రక్తం గడ్డకట్టిందేమోనని అనుమానించి, గాయం నుంచి రసి కారినా, జ్వరం తగ్గకపోయినా ఇన్ఫెక్షనేమోనని భావించి, అదే రోజు వైద్యుణ్ణి సంప్రదించాలి. ఛాతీనొప్పి గాని ఆయాసం గాని వస్తే క్షణం ఆగకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి.

సేవ చేసే భార్యో భర్తో కూడా తరచు వృద్ధులే, వారికీ రక్తపోటు మాత్రలు, నిద్రలేమి ఉంటాయి. అందువల్ల రాత్రిపూట బాత్‌రూముకు పట్టుకుని తీసుకువెళ్ళేదెవరో, వ్యాయామం చేయించేదెవరో శస్త్రచికిత్సకు ముందే పిల్లలంతా కూర్చుని వంతులు వేసుకోవాలి.