అటక మీద తీగ, అంటార్కిటికాలో చెవి

బాతెల్‌లో ఇల్లు కొన్నప్పుడు కాలనీ నిబంధనల పుస్తకం తిరగెయ్యకుండానే సంతకం పెట్టేశాను. హామ్ రేడియో లైసెన్సు వచ్చాక తెరిచి చూస్తే తేలిందేమిటంటే, బయట ఎక్కడా యాంటెనా కనపడకూడదు! డిష్ యాంటెనాలకు అమెరికా ప్రభుత్వ నియమం అండగా ఉంది కానీ, ఆ రక్షణ హామ్ యాంటెనాలకు వర్తించదు. ఇక మిగిలింది అటక. చెక్క పైకప్పు కాబట్టి రేడియో తరంగాలకు పెద్ద అడ్డంకి కాదు. రేకుల కప్పయితే ఈ వ్యాసమే లేదు.

14 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం సుమారు 21 మీటర్లు. అందులో సగం పొడవున్న తీగని మధ్యలో తెంచి, ఆ రెండు కొసలకీ కేబుల్ తగిలిస్తే డైపోల్ తయారు. నాకు 33 అడుగుల తీగ సరిపోయింది. ఇది తన పొడవుకు అడ్డంగా రెండు వైపులకీ ఎక్కువగా ప్రసారం చేస్తుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, తరువాత పనికొస్తుంది.

ఇంత నాసి యాంటెనాతో, 200 మిల్లీవాట్లతో, అంటే మన ఇళ్ళలోని జీరో వాట్ బల్బు కన్నా చాలా తక్కువ శక్తితో, ఎంత దూరం వెళ్ళగలం? దీన్ని తేల్చే పద్ధతి పేరు విస్పర్. 2008లో దీన్ని తయారుచేసిన జో టేలర్ స్వయంగా హామ్, భౌతిక శాస్త్రంలో 1993 నోబెల్ బహుమతి పంచుకున్న శాస్త్రవేత్త కూడా. పల్సార్ల నుంచి వచ్చే బలహీనమైన సంకేతాలను పట్టిన మనిషికి ఈ ఆలోచన రావడంలో వింతేముంది?

తిరునాళ్ళలో తప్పిపోయిన పిల్లవాణ్ణి తల్లి ఎలా పిలుస్తుంది? కబుర్లు చెప్పదు. పేరొక్కటే సాగదీసి పిలుస్తుంది. విస్పర్ చేసేదీ అదే. పంపే సమాచారం మొత్తం 50 బిట్లు: నా పిలుపు గుర్తు, నా ఊరి గడి (బాతెల్‌ది సిఎన్87), నా శక్తి. పొరపాట్లను సరిదిద్దుకునే వీలుండేలా ఈ 50 బిట్లను 162 స్వరాలుగా విస్తరించి, దాదాపు 111 సెకన్లపాటు తాపీగా పాడుతుంది. ఒక్కో స్వరం మూడింట రెండు వంతుల సెకను. అంత నెమ్మది కాబట్టి వినేవాడు తన చెవిని ఒకటిన్నర హెర్ట్జ్ వెడల్పుకి కుదించుకోవచ్చు. మామూలు మాటకి కావలసిన 2500 హెర్ట్జ్‌లో పడే రొదతో పోలిస్తే, ఇందులో పడేది 1700వ వంతే. అందుకే రొదలో ఆరువందలో వంతు బలం ఉన్న సంకేతాన్ని కూడా కంప్యూటరు చదివేస్తుంది. మనిషి చెవికి అక్కడ ఏమీ ఉండదు. ఒక్క షరతు: ఇద్దరి గడియారాలూ ఒకటి రెండు సెకన్ల తేడాలో కలవాలి. ప్రసారం ఎప్పుడూ సరిసంఖ్య నిమిషంలోనే మొదలవుతుంది.

మొదటి వారం నేను ఎవరినీ సరిగా వినలేకపోయాను. బ్యాటరీ మీద రేడియో పెట్టి, ఇంట్లో కరెంటు స్విచ్‌లు ఒక్కొక్కటే ఆపుకుంటూ పోతే దొంగ దొరికాడు: మా అబ్బాయి గదిలోని చవకబారు ఫోన్ చార్జరు! దాన్ని చెత్తబుట్టలో పడేశాక జపాను, ఆస్ట్రేలియా వినపడ్డాయి. ఒక సాయంత్రం నా పిలుపుని అంటార్కిటికాలో, జర్మనీవారి నోయ్‌మాయర్ కేంద్రంలో ఉన్న రిసీవర్ విన్నట్టు నమోదయింది. దూరం సుమారు 15,800 కిలోమీటర్లు. ఆ రాత్రి మా ఆవిడకి నిద్ర పట్టనిచ్చానంటే అబద్ధమే.

కానీ నాకు కావలసింది హైదరాబాదు. అది 12,500 కిలోమీటర్లే, అయినా అంటార్కిటికా కన్నా కష్టం. గ్లోబు మీద దారం పెట్టి చూడండి. దారి పసిఫిక్ మీదుగా కాదు, అలాస్కా దాటి, ఆర్కిటిక్ సముద్రంలో 75 డిగ్రీల అక్షాంశం పైకి వెళ్ళి, సైబీరియా మీదుగా దిగుతుంది. అంటే ధ్రువకాంతుల వలయాన్ని రెండుసార్లు దాటాలి. సూర్యుడు కాస్త చిరాకుపడితే చాలు, అక్కడి అయనావరణం తరంగాలను మింగేస్తుంది.

దొడ్డిదారి ఒకటుంది: దక్షిణంగా బయలుదేరి భూమిని అటునుంచి చుట్టి రావడం, 27,500 కిలోమీటర్లు. నా తీగ రెండు వైపులకీ ప్రసారం చేస్తుందన్నానుగా, దాన్ని మళ్ళీ తిప్పనక్కర్లేదు. తెల్లవారేటప్పుడు, పొద్దుగూకేటప్పుడు ప్రయత్నిస్తున్నాను.

ఈ పిచ్చి నాకు 2004 డిసెంబరులో పట్టుకుంది. హైదరాబాదులోని అమెచ్యూర్ రేడియో సంస్థకి చెందిన భారతీ ప్రసాద్ అండమాన్‌లో హామ్ ప్రసారాల కోసం వెళ్ళి ఉండగా సునామీ వచ్చింది. పోర్ట్ బ్లెయిర్ నుంచి ఆ బృందం రేడియోలోనే కబుర్లు అందించింది. మా నాన్న ఆ వార్తని పేపర్లోంచి కత్తిరించి నాకు పోస్టులో పంపారు. ఇప్పుడాయనకి ఎనభై దాటాయి. ప్రతి ఆదివారం ఫోన్లో మొదటి ప్రశ్న ఒకటే.

"ఏరా, మన ఊళ్ళో వినపడ్డావా?"

"ఇంకా లేదు నాన్నా."

"మరి ఆ అంటార్కిటికా వాడికి ఎలా వినపడిందిరా?"

మళ్ళీ గ్లోబు దగ్గర్నుంచి మొదలుపెడతాను.