ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ : పారిస్ నుండి ఇస్తాంబుల్‌కు

ఐరోపాఖండము పటములో చిన్నదిగనే కనిపించును. కాని 1880 ప్రాంతమున దానిని రైలులో దాటుట సులభ కార్యము కాదు. ప్రతి దేశమునకును వేరు రైల్వే, వేరు నాణెము, వేరు సుంకపు ఠాణా. సరిహద్దు వచ్చినప్పుడెల్ల ప్రయాణికుడు సామాను దింపి, అధికారులకు చూపించి, తరచు మరియొక బండి యెక్కవలసి వచ్చెడిది. ఈ చిక్కును విప్పిన బండి ఓరియంట్ ఎక్స్‌ప్రెస్. దాని విలాసమును గూర్చి విననివారు అరుదు. ఆ విలాసము ఎట్లు సాధ్యమైనదో, దాని వెనుక ఏ ఏర్పాటు పనిచేసినదో వివరించుట మా యుద్దేశము.

ఈ యోచన బెల్జియము దేశీయుడైన జార్జి నాగెల్‌మాకర్స్‌ది. బ్యాంకు వ్యాపారముచేయు కుటుంబమున పుట్టిన ఈ యువకుడు అమెరికాకు పోయి, జార్జి పుల్మన్ నడపించుచున్న శయనశకటములను చూచెను. వానిలో పడకలు బారుగా నుండి, మరుగునకు తెరలు మాత్రమే వ్రేలాడుచుండెను. తన దేశస్థులు తలుపు గల గదిని కోరుదురని ఆయన గ్రహించి, స్వదేశమునకు వచ్చి, 1870 తరువాత ‘వాగన్ లీ’ యను అంతర్జాతీయ శయనశకట సంస్థను స్థాపించెను.

ఈ సంస్థకు సొంత పట్టాలు లేవు, ఇంజనులును లేవు. పెట్టెలు మాత్రమే దానివి. ఒక్కొక్క దేశపు రైల్వే తన యింజనును తగిలించి, ఆ పెట్టెలను తన పొలిమేర వరకు లాగి, పొరుగు రైల్వేకు అప్పగించును. ప్రయాణికుడు టికెట్టు సొమ్మును రైల్వేలకును, పడక కొరకు అదనపు రుసుమును సంస్థకును చెల్లించును. ఆ దేశములలో పట్టాల నడిమి వెడల్పు ఒక్కటే యగుట ఈ యేర్పాటునకు కలిసివచ్చినది.

1883 అక్టోబరు 4వ తేదీ సాయంకాలమున ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ పారిస్ నుండి తొలిసారి లాంఛనముగా బయలుదేరెను. మ్యూనిక్, వియన్నా, బుడాపెస్ట్, బుఖారెస్టుల మీదుగా డాన్యూబు నది చేరెను. నాటికి ఇస్తాంబుల్‌కు పట్టాలు పూర్తి కాలేదు. కనుక ప్రయాణికులు నదిని దాటి, ఆవలి గట్టున వేరొక బండిలో నల్లసముద్రతీరముననున్న వార్నా రేవునకును, అచ్చటినుండి ఓడలో ఇస్తాంబుల్‌కును చేరిరి. 1889 నాటికి పట్టాలు పూర్తియైనవి. మరుసటి యేడు ఆ నగరమున సిర్కెజి స్టేషను వెలసెను. రోమను చక్రవర్తులకును, పిమ్మట ఒట్టోమాను సుల్తానులకును రాజధానియైన నగరము పారిస్‌తో నేరుగా కలిసినది.

బండిలో పగటివేళ మెత్తని సోఫా. రాత్రి అదియే పడక. గది మూలన ముఖము కడుగుకొనుటకు పింగాణి తొట్టి. భోజనశాలలో తెల్లని బట్ట పరచిన బల్లలు, వెండి సామగ్రి. అన్నిటికంటె గొప్ప సౌఖ్యము మరియొకటి. పెట్టెను కనిపెట్టియుండు ఉద్యోగి ప్రయాణికుల పాస్‌పోర్టులను తనవద్ద నుంచుకొని, నడిరేయి సరిహద్దు వచ్చినప్పుడు తానే అధికారులకు చూపించెడివాడు. రాజ్యములు మారుచుండగా లోనివారు నిద్రించుచుండిరి!

మొదటి ప్రపంచయుద్ధము బండిని ఆపివేసినది. స్విట్జర్లాండు, ఇటలీల మధ్య ఇరువది కిలోమీటర్ల నిడివిగల సింప్లన్ సొరంగము 1906లోనే తెరువబడియుండుటచే, 1919 నుండి సింప్లన్ ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ మిలాన్, వెనిస్, బెల్‌గ్రేడుల మీదుగా నడచెను. నీలపు రంగు ఉక్కుపెట్టెలు, రెనె లాలిక్ మలచిన గాజు బొమ్మలు ఈ కాలమునకు చెందినవి.

ఈ బండితో మన హైదరాబాదునకును ఒక సంబంధము కలదు. 1924 మార్చి 3న టర్కీ శాసనసభ ఖలీఫా పదవిని రద్దుచేసెను. మరునాటి వేకువను చివరి ఖలీఫా అబ్దుల్ మజీదును కుటుంబముతో రాజప్రాసాదమునుండి తరలించిరి. సిర్కెజిలో జనము గుమిగూడుదురేమోయని, నగరమునకు దూరమైన చతల్జా స్టేషనుకు మోటారుకారులలో కొనిపోయిరి. బండి వచ్చువరకు స్టేషను మాష్టరు వారికి ఆతిథ్యమిచ్చెను. ఆ రాత్రి ఓరియంట్ ఎక్స్‌ప్రెస్‌లో ఖలీఫాతోపాటు దేశమును విడిచినవారిలో పదియేండ్ల బాలిక, ఆయన కుమార్తె దుర్రు షెహ్వార్ కూడ ఉండెను. 1931లో ఫ్రాన్సునందలి నీస్ నగరమున నిజాము పెద్దకుమారుడు ఆజంజా ఆమెను వివాహమాడెను. హైదరాబాదు పురానీ హవేలీలోని పిల్లల ఆసుపత్రి ఆమె పేరనే వెలసినది. ఒకరికి విహారమైన బండి, మరియొకరికి ప్రవాసమైనది.

రెండవ యుద్ధానంతరము ఐరోపా రెండుగా చీలెను. సరిహద్దులలో తనిఖీలు పెరిగినవి; విమానములు సంపన్నులను ఆకర్షించినవి. 1961లో పశ్చిమజర్మనీ, టర్కీల మధ్య శ్రామికుల ఒడంబడిక కుదిరిన పిమ్మట, సిర్కెజి నుండి మ్యూనిక్‌కు పోవు బండ్లలో కూలిపనులకై వెడలు పల్లెటూరి యువకులు నిండిరి. రాజులు పవ్వళించిన మార్గముననే వీరు రేయింబవళ్లు కూర్చుండి ప్రయాణించిరి. చరిత్ర వీరి పేర్లను వ్రాసికొనలేదు గాని, ఆ మార్గమునకు వీరును అంతే వారసులు. 1977 మే నెలలో పారిస్-ఇస్తాంబుల్ నేరుబండి నిలిచిపోయెను. హ్రస్వమార్గమున మిగిలిన ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ నామము సైతము 2009 డిసెంబరులో కాలపట్టికనుండి తొలగినది.

1977లోనే మాంటికార్లోలో పాత పెట్టెలు వేలమునకు రాగా, జేమ్స్ షెర్‌వుడ్ అను వ్యాపారి రెండింటిని కొనెను. మరికొన్నిటిని వెదకి తెచ్చి బాగుచేయించి, 1982 మే 25న వెనిస్ సింప్లన్ ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ నడపించెను. నేడును ఆ పెట్టెలు ప్రయాణికులను కొనిపోవుచున్నవి. ప్రాతగదులలో స్నానపు వసతి లేదు. పెట్టె చివర బొగ్గుపొయ్యి వేడిమి నిచ్చును. ఛార్జీ వేలాది పౌండ్లు. పారిస్ నుండి ఇస్తాంబుల్‌కు వెళ్లు దీర్ఘయాత్ర మాత్రము అరుదుగా సాగునది.

కొయ్యను మెరుగుపెట్టవచ్చును, పగిలిన గాజును మరల పోయించవచ్చును. కాని ఆ బండిని నిజముగా నడపినది కొయ్యయు గాజును కాదు. పరస్పరము శంకించుకొను రాజ్యములు ఒకరి పెట్టెలను మరియొకరు లాగుటకు అంగీకరించిన ఒడంబడికయే దానికి ఇంజను. అది నిలిచినంతకాలము బండి నిలిచినది. చీలినప్పుడు బండియు ఆగినది. బాగుచేయుటకు మిక్కిలి కష్టమైన భాగము కూడ అదియే.