25,671... ఓ నాటకం పేరు!

గుర్తింపు కార్డు మార్పించుకుందామని ఆఫీసుకెళితే, కౌంటర్లో గుమాస్తా దాన్ని తీసుకుని చిల్లు పొడిచి చేతిలో పెట్టాడు. అంతే... ఏళ్ల తరబడి కాపురముంటున్న ఊళ్లోనే ఆ మనిషి లెక్కలో లేకుండా పోయాడు! స్లొవేనియాలో ఎంతోమందికి ఎదురైన అనుభవమిది.

సుమారు ఇరవై లక్షల జనాభా ఉన్న ఈ దేశం 1991లో యుగొస్లావియా నుంచి విడిపోయింది. పొరుగు రిపబ్లిక్కుల నుంచి వచ్చి స్థిరపడినవాళ్లకు పౌరసత్వం కోసం ఆరునెలల గడువిచ్చింది. దాదాపు 1,70,000 మందికి పౌరసత్వం దక్కింది. మిగిలినవాళ్ల పేర్లను 1992 ఫిబ్రవరి 26న నివాసుల జాబితాలోంచి చడీచప్పుడు లేకుండా కొట్టేశారు. ఉద్యోగాలు పోయాయి, ఆరోగ్య బీమా పోయింది, కొందరినైతే సరిహద్దు దాటించేశారు. అక్కడ వీళ్లని 'ఇజ్బ్రిసని' అంటారు... చెరిపేసినవాళ్లని అర్థం. 2009లో ప్రభుత్వమే తేల్చిన లెక్క, 25,671.

2013లో క్రాన్ పట్టణంలోని ప్రెషెరెన్ థియేటర్ వేసిన నాటకం పేరూ అదే. దర్శకుడు బోస్నియాలో పుట్టిన ఒలివర్ ఫర్లిచ్. ఇరుగుపొరుగు జాతులన్నీ చల్లగా ఉండాలని కోరుకున్న ప్రెషెరెన్ కవితే స్లొవేనియా జాతీయగీతం. ఆ కవి పేరు పెట్టుకుని, ప్రజల సొమ్ముతో నడిచే రంగస్థలం మీదే ఈ కథ బయటపెట్టడం విశేషం!

నిజానికి అంతకు ఏడాది ముందే యూరోపియన్ మానవహక్కుల న్యాయస్థానం ప్రభుత్వానిది తప్పని తేల్చేసింది. మరి నాటకమెందుకు? కోర్టు బోనెక్కించింది ప్రభుత్వాన్ని మాత్రమే. కానీ బాధితుల హక్కులు తిరిగిచ్చే చట్టంపై 2004లో రెఫరెండం పెడితే, ఓటేసినవాళ్లలో దాదాపు 95 శాతం వద్దన్నారు. వాళ్లని అడిగేదెవరు? టికెట్ కొనుక్కుని హాల్లో కూర్చున్నది వాళ్లూ, వాళ్ల ఇరుగుపొరుగువాళ్లే కదా!

చూసేవాణ్నే నిలదీయడం అక్కడి నాటకానికి కొత్తేం కాదు. 1910లోనే ఇవాన్ త్సాంకర్ 'హ్లాప్సి' (బానిసలు) అచ్చయింది. ఎన్నికల్లో ఏ పక్షం గెలిస్తే ఆ పక్షానికి రాత్రికిరాత్రే మారిపోయే బడిపంతుళ్ల కథ అది. అప్పటి సర్కారు ప్రదర్శననివ్వలేదు. 1919లో తెర లేచేనాటికి రచయితే లేడు! మన కాలానికొస్తే, సిమోనా సెమెనిచ్ నాటకంలో అయిదుగురు పిల్లలు ఆడుకునే ఆటల్లో పెద్దల హింసంతా కనిపిస్తుంది. ఆ మగపిల్లల వేషాలు వేసేది ఆడవాళ్లు.

చెరిపేసినవాళ్లకు నెలకు 50 యూరోల లెక్కన పరిహారం కట్టారు. 2022లో అప్పటి అధ్యక్షుడు బోరుత్ పహోర్ దేశం తరఫున క్షమాపణా చెప్పారు. బాగానే ఉంది. మరి పక్కింటాయన పేరు కొట్టేస్తుంటే కిటికీ మూసుకున్నవాళ్ల మాటో? ఆ లెక్క ఇంకా రంగస్థలం మీదే తేలాలి.