యంత్రంతో నిద్రించినా పగటి మగత తీరదేల?

నిద్రలో శ్వాస మాటిమాటికీ ఆగే వ్యాధిని స్లీప్ ఆప్నియా అంటారు. 1981లో ఆస్ట్రేలియా వైద్యుడు కొలిన్ సలివాన్ లోకానికి తెలిపిన సీపాప్ యంత్రం గాలి ఒత్తిడితో గొంతు మూసుకొనిపోకుండా నిలుపుతుంది. అయినను గురక తగ్గింది గాని పగటి బడలిక తగ్గలేదని చెప్పుకొనేవారు నల్లగొండ, పాలమూరు ప్రాంతాలలో నా వద్దకు వస్తుంటారు.

అట్టివారిని ముందుగా అడిగేది ఒకటే: యంత్రం రాత్రంతా ఉంటున్నదా, మాస్కు అంచున గాలి పోతున్నదా? పిదప రక్తహీనత, థైరాయిడ్ మాంద్యం, మధుమేహం పరీక్షింపజేయాలి.

మా సీమలో మరొక ప్రశ్న తప్పదు: సాయంత్రం కల్లు తాగుతారా? చెట్టు కల్లయినా మద్యమే. ఆప్నియా రోగికి మంచిది కాదు. డైజిపామ్, అల్ప్రాజోలమ్ వంటి మత్తుమందులు కలిపిన కల్తీ కల్లు మరీ ప్రమాదం. అది గొంతు కండరాలను సడలించి, మరునాటి పగటిని సైతం మగతలో ముంచుతుంది. అయితే అలవాటైనవారు దానిని ఒక్కసారిగా మానరాదు. 2015లో పాలమూరు, నిజామాబాదు జిల్లాలలో కల్తీ కల్లు హఠాత్తుగా ఆగినప్పుడు అనేకులు మూర్ఛలతో, మతిభ్రమతో ఆసుపత్రుల పాలయ్యారు. వైద్యుని పర్యవేక్షణలో క్రమంగా మానాలి.

చరక సంహిత సూత్రస్థానం 21వ అధ్యాయం స్థౌల్యాన్ని, నిద్రను ఒకేచోట వివరించి, స్థూలకాయులకు పగటినిద్ర తగదన్నది. పెందలకడనే మితంగా జొన్నరొట్టె, ఆకుకూర భుజించండి, ఉదయం నడవండి. ఇవి యంత్రానికి తోడు మాత్రమే, బదులు కావు. మగత తీరేవరకు ట్రాక్టరు, మోటారుసైకిలు నడపకండి.