జాబితాలో లేని మనుషుల్ని వెతకడం ఎలా?

పాకీపని చేసేవాళ్లు తమ ఊళ్లో లేరని మున్సిపాలిటీ రాసిచ్చాక, పరిశోధకులు వాళ్లను ఏ జాబితాలోంచి ఎంచుకోవాలి? ఈ పనిని నిషేధిస్తూ 1993లో ఒకటి, 2013లో ఇంకొకటి చట్టాలొచ్చాయి. పని ఉందంటే చట్టం అమలు చేయలేదని ఒప్పుకున్నట్టే. అందుకే జాబితా ఉండదు.

ఇలాంటిచోట మనకు పనికొచ్చేది స్నోబాల్ శాంప్లింగ్. మంచుముద్ద దొర్లేకొద్దీ పెరిగినట్టు, ఒకరు ఇద్దర్ని చూపిస్తారు, ఆ ఇద్దరు మరికొందర్ని. సంఖ్యాశాస్త్రంలో దీన్ని 1961లో లియో గుడ్‌మన్ సిద్ధాంతీకరించాడు.

అయితే ఎవరైనా తమకు తెలిసినవాళ్లనే చూపిస్తారు. మన దగ్గర ఎవరికెవరు తెలుసన్నది కూడా కులమే నిర్ణయిస్తుంది. రెల్లి వీధిలో మొదలైన గొలుసు మాదిగవాడకు చేరకపోవచ్చు. మగవాళ్లతో మొదలుపెడితే పాయిఖానాలెత్తే ఆడవాళ్లు కనబడకపోవచ్చు. కాబట్టి వేరువేరు వాడల్లో, ఆడవాళ్లతోనూ మగవాళ్లతోనూ విడివిడిగా మొదలుపెట్టాలంటాం. ఇంకొకరి పేరు చెప్పేముందు వాళ్లనడిగి రమ్మనాలి. పేరు బయటపడితే ఉన్న కూలీ పోతుంది.

ఇలా 60 మంది దొరికినా, ఊళ్లో ఇంత శాతమని లెక్క కట్టలేం. కానీ ‘ఒక్కరూ లేరు’ అన్న సర్కారు కాగితం తప్పని రుజువు చేయడానికి ఒక్కరు చాలు.