అణువ్యర్థములకు గాజుబంధనము

అణుశక్తివలన విద్యుత్తు పుట్టునని ఎల్లరు నెఱుగుదురు. పొయ్యి ఆరిన పిదప బూడిదను ఎచ్చట పోయుదురని అడుగువారు కొందఱే. ఈ బూడిదను గాజుగా మార్చు కర్మాగారములు మహారాష్ట్రమున ట్రాంబే, తారాపూరులందును, తమిళనాట కల్పాక్కమునందును కలవు. రెండును మనవారు తరతరములుగా నివసించుచున్న రాష్ట్రములే.

రియాక్టరులో వాడిన యింధనమును నత్రికామ్లమున కరగించి, యురేనియమును, ప్లుటోనియమును వేఱుపఱచిన పిదప ఒక ద్రావణము మిగులును. పరిమాణమున అది స్వల్పమే. రేడియోధార్మికతలో అధికభాగము మాత్రము దానియందే యుండును. అందలి సీసియము-137 సుమారు 30 ఏండ్లకు సగమగును. 300 ఏండ్లకు వేయింట నొకవంతు మిగులును. కొన్ని భారమూలకములు వేల యేండ్లు నిలుచును. ఇట్టి ద్రవమును తొట్లలో నుంచి ఎన్ని తరములవారు కావలి కాయగలరు? కావున దానిని ఘనముగా మార్చవలెను.

గాజునే ఏల యెన్నుకొనిరి? స్ఫటికములో ప్రతి పరమాణువునకును నియతస్థాన ముండును. పరాయివానికి సులభముగా చోటు దొరకదు. గాజు అమరిక అంత బిగువైనది కాదు, పలు మూలకములకు తావిచ్చును. ద్రావణమును సిలికా, బోరాను సమ్మేళనములతో చేర్చి, ఇంచుమించు వేయి డిగ్రీల సెంటీగ్రేడు వేడిమిలో కరగించి, ఉక్కుడబ్బాలలో పోసి మూతలను అతుకుదురు. అప్పుడు వ్యర్థము గాజులో పొదిగినట్లుండదు, గాజులో నొక భాగమే యగును.

ట్రాంబేలో ఒక చిక్కు వచ్చినది. ప్లుటోనియమును వేఱుచేయుటకు వాడిన ఫెర్రస్ సల్ఫమేటు మూలమున అచ్చటి ద్రావణమున సల్ఫేటు చేరినది. మామూలు బోరోసిలికేటు గాజులో సల్ఫేటు మిక్కిలి కొద్దిగానే ఇముడును. మిగిలినది కరిగిన గాజుపై తెట్టెగా తేలును. గాజు చేయువారికి ఈ తెట్టె పాతకాలమునుండి తెలిసినదే. ఇచ్చట ప్రమాదమేమనగా, ఆ తెట్టె నీట కరగును, సీసియము దానిలోనికి చేరును. బంధింపదలచినదే తప్పించుకొనునన్నమాట! భాభా అణుపరిశోధన కేంద్రమువారు బేరియము కలిపిన గాజును రూపొందించి సల్ఫేటునకు చోటు కల్పించిరి. ఒకచోటి గాజు మఱియొకచోటి వ్యర్థమునకు సరిపడుననుకొనుట పొరపాటని దీనివలన తేలినది.

ట్రాంబేలోనే ఈ వ్యర్థమునుండి సీసియమును వేఱుచేసి, గాజుకడ్డీలుగా పోసి, ఆసుపత్రులకు ఉపయోగపఱచుచున్నారు. ఎక్కించు రక్తమునకు ఆ కిరణములు సోకించినచో, దాత రక్తములోని తెల్లకణములు రోగిదేహముపై దాడి చేయజాలవు.

ఇట్టి ఉపయోగమునకు పోవునది కొంతయే. తారాపూరులో గాజు నింపిన డబ్బాలను, గాలి తనంతట తాను ప్రసరించి చల్లార్చు నేలమాళిగలలో నుంచుచున్నారు. శాశ్వతమైన భూగర్భనిక్షేపము మన దేశమున ఇంకను ఏర్పడలేదు.